పారేయని మూత

పోయిన వారం మనం చాదస్తాన్ని ప్రయోగశాల మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె చేతిలో ఒక ఫొటో ఉంది. దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది, చివరికి తలకిందులుగా తిప్పి కూడా చూసింది. ఎటు తిప్పినా అందులోని నల్ల గీత నల్లగానే ఉంది. చెరిగిపోవాల్సిన గీత అది. మూడేళ్ళ పని దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. చాదస్తం అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, తోటివాళ్ళు తగిలించింది. ట్యూబు మీద తేదీ రాసి ఊరుకోకుండా గంటా నిమిషమూ కూడా రాసే మనిషిని, పరిశోధన పేపర్ అచ్చయ్యేదాకా ఖాళీ ట్యూబుల్ని సైతం పారేయనివ్వని మనిషిని ఇంకేమని పిలుస్తారు? దెబ్బ తగిలిన చర్మం మానేటప్పుడు వచ్చి పనిలోకి దిగే ఒక ప్రొటీన్ వెంట ఆమె మూడేళ్ళుగా పడుతోంది. ల్యాబులో అందరూ దాన్ని ముద్దుగా మేస్త్రి అంటారు. మేస్త్రి మామూలు కంటికి కనపడడు. అతన్ని గుర్తుపట్టి అంటుకునే యాంటీబాడీ ఒకటి ఉంది. అది అంటుకున్న చోట నల్ల గీత పడుతుంది. గీత ఉంటే మేస్త్రి ఉన్నట్టు. ఇదంతా రాసి పత్రికకు పంపితే అక్కడి పరీక్షకుడు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. మీ యాంటీబాడీ మేస్త్రినే పట్టుకుంటోందని నమ్మకమేమిటి, దారినపోయే ప్రతివాడి చొక్కా పట్టుకోవడం లేదని రుజువేది?

రుజువుకి ఒక పద్ధతి ఉంది. యాంటీబాడీ మేస్త్రిని గుర్తుపట్టేది అతని ఒంట్లోని ఒక చిన్న ముక్కని బట్టి. పదిహేను పూసల దండలాంటి ఆ ముక్కని విడిగా యంత్రంలో తయారు చేయవచ్చు. దాన్ని పెప్టైడ్ అంటారు. ఆ పెప్టైడ్‌ని ముందే యాంటీబాడీకి కావలసిన దానికన్నా ఎక్కువ ఇచ్చేస్తారు. ఇంట్లో కడుపు నిండా తిని విందుకు వెళ్ళిన పిల్ల అక్కడ దేన్నీ ముట్టనట్టే, పెప్టైడ్‌తో నిండిపోయిన యాంటీబాడీ ఇక మేస్త్రిని ముట్టదు. గీత మాయమవాలి. మాయమైతే చాదస్తం చెప్పింది నిజం.

మాయం కాలేదు. ల్యాబు పెద్ద అయిన మేడమ్ ఆ ఫొటో చూసి ఒక్క మాట అనలేదు. ఆవిడ తిడితే ఎవరికీ భయం లేదు, ఊరుకుంటేనే భయం. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాసి సొరుగులో పెట్టారు. గురువారం సాయంత్రం అయిదింటికి పత్రిక సంపాదకుడు ఫోన్ చేస్తాడు, అప్పుడు నోటితో చెప్పి తరవాత ఉత్తరం పంపుతానన్నారు.

అక్కడిదాకా వచ్చాం. ఇవాళ బుధవారం.

*

బుధవారం పొద్దున్న ఆ ఇంట్లో పేపర్ గురించి ఎవరికీ పట్టలేదు. నాలుగేళ్ళ బుజ్జిదానికి దగ్గు. డాక్టరు పొడి మందు సీసా ఒకటి రాసిచ్చాడు, నీళ్ళు కలిపి పట్టాలి. చాదస్తం వంటగట్టు దగ్గర నిలబడి, మనసు మెట్ల మీద వదిలేసి, చేత్తో సీసా మూత తిప్పబోయింది. అత్తగారు వచ్చి టక్కున మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ ఆసుపత్రి మందుల కిటికీ వెనక ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో తలనొప్పి మాత్ర మింగాలన్నా ఆవిడ అనుమతి కావాలి.

"ఆగాగు. అలా తెరుస్తారా ఎవరైనా?"

"మూతే కదా అత్తయ్యా."

"మూతే. పొడంతా దానికే పట్టుకుని ఉంటుంది. ఊరికే తీసి పక్కన పెడితే మందు పక్కన పెట్టినట్టే. సీసాలో నీళ్ళు పోసి పిల్లకి పడతావు, అది ఉత్త నీళ్ళు తాగుతుంది. తరవాత దగ్గు తగ్గలేదని ఆ డాక్టర్ని ఆడిపోసుకుంటావు." ఆవిడ సీసా లాక్కుని అరచేతి మీద మూడుసార్లు గట్టిగా తట్టారు. "ముందు తట్టాలి, తరవాతే తెరవాలి. ఈ ముక్క ఆ కిటికీలోంచి ఎన్ని వేలమందికి చెప్పానో. ఇంట్లో కోడలికి మాత్రం చెప్పుకోలేదు."

చాదస్తం ఆ సీసా వంకే చూసింది.

"అత్తయ్యా, ఇందాకటిది మళ్ళీ అనండి."

"ఏది, కోడలికి చెప్పుకోలేదన్నదా? ఊరికే అన్నానే, మనసులో పెట్టుకోకు."

"అది కాదు. నీళ్ళ మాట."

"ఉత్త నీళ్ళు తాగుతుందన్నాను. అయితే ఏంటి?"

చాదస్తం అత్తగారిని అమాంతం పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేసింది. నలభై ఏళ్ళ వైవాహిక జీవితంలో మావగారు కూడా వంటింట్లో అంత సాహసం చేసి ఉండరు. నాకో అని బుజ్జిది ఏడుపందుకుంది, దానికీ రెండు పెట్టి గుమ్మం దాటింది. వీధి చివరికి వెళ్ళాక గానీ తెలియలేదు, ఒక కాలికి తన చెప్పూ ఇంకో కాలికి అత్తగారి చెప్పూ వేసుకొచ్చానని. వెనక్కి వెళ్ళే ఓపిక లేక అలాగే బస్సెక్కింది.

*

ల్యాబులో ఆమె బల్ల కింద ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్ని చూసి నవ్వని మనిషి ఆ అంతస్తులో లేడు. నిండా ఖాళీ ట్యూబులూ, చింపిన కవర్లూ, మూతలూ. అన్నీ చిన్న చిన్న సంచుల్లో, ఒక్కో సంచి మీదా తేదీ, గంట, నిమిషం. చాదస్తం నేల మీద చతికిలబడి వేళ్ళతో వెతికింది. పదకొండో సంచి. అందులో ఒక బుల్లి మూత. సంచి మీద తన రాతే: "పెప్టైడ్ ట్యూబు, పడిపోయిన మూత."

ఆ సంచినీ, పోయిన వారం వాడిన పెప్టైడ్ ట్యూబునీ పట్టుకుని నేలమాళిగలోకి పరుగెత్తింది. అక్కడ పెప్టైడ్లు తయారు చేసే యంత్రం ఉంది, యంత్రం పక్కన దాన్ని నడిపే పెద్దాయన ఉన్నాడు. పూసల్లాంటి అణువుల్ని ఒకదాని తరవాత ఒకటి గుచ్చి దండ కడతాడు కాబట్టి అందరికీ ఆయన పూసలాయన. చాదస్తానికి మాత్రం వచ్చిన మొదటి రోజు నుంచీ బాబాయ్.

"బాబాయ్, ఇందులో ఏముందో చూడు."

"మూత ఉంది తల్లీ."

"మూత లోపల."

పూసలాయన సంచిని దీపం కింద పెట్టి, భూతద్దం తీసుకుని, ఒక కన్ను మూశాడు. మూత లోపలి అంచున దుమ్ము కాబోలు అనుకునేంత తెల్లటి పొర ఒకటి పట్టుకుని ఉంది. ఆయన ముఖం విప్పారింది.

"ఓరి నా బంగారు కొండా, ఇక్కడ కూర్చున్నావా!" అన్నాడు. ఆ మాట అన్నది చాదస్తాన్ని కాదు, పెప్టైడ్‌ని. "ఎండబెట్టిన పెప్టైడ్ అంటే దూదికన్నా తేలిక. దార్లో ట్యూబు అటూ ఇటూ ఊగితే ఎగిరి మూతకి అతుక్కుంటుంది. అందుకే తెరిచేముందు ట్యూబుని గిరగిరా తిప్పి కిందికి దించుకోవాలని ఎర్రసిరాతో చీటీ రాసి మరీ పంపాను. చదవలేదూ?"

"నేను చదివాను. తెరిచింది నేను కాదు బాబాయ్."

"మరెవరు?"

చాదస్తం వేలు పైకెత్తి కప్పుని చూపించింది. కప్పు మీద రెండంతస్తులు, ఆ పైన మేడమ్ గది. పూసలాయన భూతద్దం కింద పెట్టి చెవులు రెండూ మూసుకున్నాడు. "నేనేం వినలేదు."

అయినా పని ఆపలేదు. మూత లోపల నాలుగు చుక్కల నీళ్ళు వేసి ఆ తెల్లపొర కరిగించాడు. అందులోంచి ఆవగింజంత తీసి అణువుల్ని తూచే యంత్రానికిచ్చాడు. పోయిన వారం పెప్టైడ్ అనుకుని వాడిన ట్యూబులోంచి ఇంకో ఆవగింజంత ఇచ్చాడు. పావుగంట ఇద్దరూ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. మూతలోది సరిగ్గా పదిహేను పూసల బరువు తూగింది. ట్యూబులోది ఏమీ తూగలేదు.

"ఇది నీళ్ళు," అన్నాడు పూసలాయన. "శుభ్రమైన మంచినీళ్ళు. మీరు ఆ యాంటీబాడీకి కడుపు నింపామనుకుని పస్తు పెట్టారు. ఆకలి మీద వెళ్ళి మేస్త్రిని పట్టుకోక ఏం చేస్తుంది పాపం?"

చాదస్తానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గీత చెరగకపోవడం తన తప్పూ కాదు, మేస్త్రి తప్పూ కాదు. పెప్టైడ్ యాంటీబాడీ దాకా వెళ్ళనే లేదు.

"ఇంకో దండ గుచ్చడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"పన్నెండు రోజులు."

సంపాదకుడి ఫోను రేపే. ఉన్నదల్లా మూతలోని నాలుగు చుక్కలు. ఒకే ఒక్క ప్రయోగానికి సరిపోతాయి. పూసలాయన బీరువా తెరిచి ఇంకో బుల్లి ట్యూబు కూడా చేతిలో పెట్టాడు. "ఇందులోనూ ఆ పదిహేను పూసలే, వరుస మాత్రం కలగాపులగం. ఇది ఇస్తే గీత చెరగకూడదు. ఇదీ పెట్టి చెయ్యి, అప్పుడు ఎవరూ నోరెత్తలేరు. అన్నట్టు, ఇది తెరిచేముందు..."

"తట్టి తెరుస్తాను," అంది చాదస్తం.

*

ఇక మిగిలింది మేడమ్. మేడమ్ అనుమతి లేకుండా ఆ యాంటీబాడీ ఒక్క చుక్క కూడా ఫ్రీజరు దాటదు. అనుమతి కావాలంటే జరిగింది చెప్పాలి, జరిగింది చెప్పాలంటే ఎవరి చేతిలో జరిగిందో చెప్పాలి. చాదస్తం వెళ్ళి తలుపు తట్టింది.

మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూశారు. చూపు ముఖం మీద ఆగకుండా నేరుగా పాదాల మీదికి దిగింది. "ఇది కొత్త ఫ్యాషనా అమ్మాయ్?"

"కాదు మేడమ్, ఒకటి మా అత్తగారిది. మేడమ్, రేపు ఫోన్లో ఏమీ చెప్పకండి. ఆ ప్రయోగం ఇంకొక్కసారి చేస్తాను."

"చేశాం కదమ్మా. ఆశపడటం నాకూ ఇష్టమే, కానీ గీత ఉంది."

"చేయలేదు మేడమ్. మనం యాంటీబాడీకి ఇచ్చింది పెప్టైడ్ కాదు, నీళ్ళు."

అని బల్ల మీద రెండు కాగితాలు పరిచింది. మూతలోని దాని బరువు ఒకటి, ట్యూబులోని దాని బరువు ఒకటి. మేడమ్ రెండూ చూశారు. ముఖం ఎర్రబడింది.

"తిప్పకుండా తెరిచారా? నా ల్యాబులోనా? చీటీ పెట్టి పంపితే కూడా చదవలేదా? ఎవరమ్మా తెరిచింది?"

చాదస్తం కిటికీ వంక చూసింది.

"నిన్నే అడుగుతున్నది. ఎవరు తెరిచారు?"

"నోటుబుక్కులో ఉంది మేడమ్."

"చదువు."

"మీరే చదవండి మేడమ్."

మేడమ్ ఆమె చేతిలోని నోటుబుక్కు లాక్కుని పేజీ తిప్పారు. పైకి చదవడం ఆవిడకి అలవాటు, గట్టిగానే మొదలుపెట్టారు. "పదకొండుంబావు. మేడమ్ చాలా ఏళ్ళ తరవాత బల్ల దగ్గరికి వచ్చారు. ఈ ఒక్కటీ నేను చేస్తాను అన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు." గొంతు కొంచెం తగ్గింది. "పదకొండుంబావు దాటి రెండు నిమిషాలు. మేడమ్ మూత తీశారు. మూత జారి బల్ల మీద పడింది. మేడమ్ ట్యూబులో నీళ్ళు పోసి కొత్త మూత పెట్టారు." ఇంకా తగ్గింది. "పాత మూతని సంచిలో వేశాను."

గదిలో ఎదురుగోడకి ఒక గడియారం ఉంది. ఆ గడియారం కిందే, మేడమ్ సొంత దస్తూరితో, ఇరవై ఏళ్ళ నాటి అట్ట ఒకటి వేలాడుతోంది: బల్లకు తగిలిన మూత మళ్ళీ ట్యూబు ఎక్కకూడదు. ల్యాబులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ మొదటి రోజు బట్టీ పట్టే మాట అది.

మేడమ్ అట్ట వంక చూశారు. నోటుబుక్కు వంక చూశారు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అనుకుంది చాదస్తం. ఆవిడ నవ్వుతున్నారు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, చీరకొంగుతో కళ్ళొత్తుకుంటూ, ఆపుకోలేక నవ్వుతున్నారు.

"నా నియమం నేనే పెట్టి, నేనే పాటించి, నా పెప్టైడ్ నేనే పారేసుకుని, చివరికి ఉత్తరం కూడా నేనే రాశాను. ఇంకొకళ్ళకి చెయ్యడానికి ఏం మిగల్చలేదు చూడు." కాస్త ఊపిరి తీసుకున్నారు. "ఇంతకీ ఆ మూత ఎందుకు దాచావే?"

"పేపర్ ఇంకా అచ్చు కాలేదు కదా మేడమ్."

మేడమ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నీకు చాదస్తమని పేరు పెట్టింది నేనే. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మంచి పేరే పెట్టాను. వెళ్ళు, మొదలుపెట్టు. నేనూ వస్తాను. భయపడకు, దేన్నీ ముట్టుకోను."

*

బుధవారం మధ్యాహ్నం మూడు పళ్ళేలు సిద్ధమయ్యాయి. మూడింట్లోనూ మానుతున్న చర్మంలోంచి తీసిన ప్రొటీన్లు అంటించిన పట్టీలు, ఒకదానికొకటి తేడా లేకుండా. మొదటిదానికి ఉత్త యాంటీబాడీ. రెండోదానికి కలగాపులగం పూసలు కలిపిన యాంటీబాడీ. మూడోదానికి మూతలోంచి తీసిన అసలు పూసలు కడుపునిండా తిన్న యాంటీబాడీ. చల్లగదిలో ఉయ్యాలలూగే బల్ల మీద పెట్టి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. గురువారం పొద్దున్నే వచ్చి కడిగారు, మళ్ళీ కడిగారు. మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పూసలాయన కూడా నేలమాళిగ వదిలి వచ్చాడు. ఆయనకి ఎండ పొడ తగలడం చాలారోజుల తరవాత అనుకుంటా, కళ్ళు చికిలిస్తున్నాడు.

నాలుగు గంటలకి తెర మీద బొమ్మ మెల్లగా తేలింది.

మొదటి పట్టీలో గీత ఉంది. రెండోదాంట్లో గీత ఉంది. మూడోదాంట్లో, మేస్త్రి ఉండాల్సిన చోట, ఏమీ లేదు.

ఎవరు ముందు కేక వేశారో ఆ తరవాత ఎంత వాదించుకున్నా తేలలేదు. పూసలాయన నేను కాదంటాడు, మేడమ్ తానైతే కానే కాదంటారు. చాదస్తం ఎగిరి గంతేస్తే అత్తగారి చెప్పు ఊడి మూలకి పోయింది. రెండో రోజు కూడా అదే జత వేసుకొచ్చింది, కలిసొచ్చాయని. ఒంటికాలి మీదే ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, గీత పోయింది!"

"పోతే పోనీలేవే, దిగులు పెట్టుకోకు."

"కాదత్తయ్యా, అది పోవాలి! పోతేనే మంచిది!"

"అయితే మంచిదేగా. ఇక్కడ పిల్లకి దగ్గు కూడా పోయింది. నా చెప్పు ఎప్పుడు తెస్తావు?"

సీసా సంగతి అప్పటికే విన్న మేడమ్ ఫోన్ లాక్కుని, తానెవరో ఏమిటో చెప్పకుండా, "అమ్మా, మీకు మా ల్యాబు తరపున నమస్కారం," అని తిరిగి ఇచ్చేశారు. సొరుగులోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేశారు. మూడేళ్ళలో అంత సంతోషంగా ఆ గది ఎప్పుడూ లేదు. ఇక్కడే ఆపేస్తే మీరూ నేనూ హాయిగా లేచి వెళ్ళిపోవచ్చు.

పూసలాయన ఆగనివ్వలేదు. ఆయన భూతద్దం పట్టుకుని ఇంకా తెర దగ్గరే వంగి ఉన్నాడు.

"తల్లీ, మరి దయ్యం ఏది?"

దయ్యమంటే, మేస్త్రి గీతకి కొంచెం పైన పని మొదలైన నాటి నుంచీ ప్రతి ఫొటోలోనూ పడే, ఎక్కువగా పాలిపోయి ఉండే సన్నటి గీత. దాన్నెవరూ పట్టించుకోలేదు. యాంటీబాడీ పొరపాటున అంటుకున్న చెత్త అనుకున్నారు, పేపర్లోనూ అలాగే ఒక వాక్యం రాసేశారు.

చాదస్తం వంగి చూసింది. మొదటి పట్టీలో దయ్యం ఉంది. రెండోదాంట్లో ఉంది. మూడోదాంట్లో లేదు. పట్టీల అడుగున ఎప్పుడూ ఉండే మచ్చ మాత్రం మూడింట్లోనూ చెక్కు చెదరలేదు. నిజంగా చెత్త అయితే ఆ మచ్చలాగే మిగలాలి.

"అంటే దానికీ అవే పూసలున్నాయి," అన్నారు మేడమ్ నెమ్మదిగా. "లేదా వాటిని పోలినవైనా. మేస్త్రికి తోబుట్టువో, మేస్త్రే ఇంకో వేషంలోనో. ఇది ఎవరన్నది ఈ పెప్టైడ్ చెప్పదు. చెత్త కాదని మాత్రం చెబుతోంది."

చాదస్తం పాత ఫొటోల దస్తా లాగి వరుసగా పరిచింది. దెబ్బ తగిలిన మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. మేస్త్రి మూడో రోజు వస్తున్నాడు. దయ్యం మొదటి రోజే నల్లగా ఉంది, మేస్త్రి వచ్చేసరికి పాలిపోతోంది. మూడేళ్ళుగా ఇది తన కళ్ళ ముందే ఉంది. మేస్త్రి కన్నా ముందు ఎవరో వచ్చి, పని మొదలుపెట్టి, వెళ్ళిపోతున్నారు.

అప్పుడే బల్ల మీది ఫోన్ మోగింది. అయిదు.

మేడమ్ చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. "అడిగిన రుజువు అతనికి దొరికింది. అంతా సరిగ్గా ఉందని చెబితే వచ్చే నెల నీ పేపర్ అచ్చయిపోతుంది. దయ్యం గురించి అతను అడగలేదు. అడగనిది చెబితే మళ్ళీ మొదటికి వస్తుంది, ఏడాది పట్టినా పట్టొచ్చు." ఫోన్‌ని చాదస్తం వైపు జరిపారు. "మూత దాచింది నువ్వు. మాట్లాడాల్సింది కూడా నువ్వే."

నాలుగోసారి మోగుతుండగా చాదస్తం ఫోన్ ఎత్తింది. మూడేళ్ళ పని చేతికి అందే దూరంలో ఉంది, ఒక్క మాట చాలు. పరిచిన ఫొటోల మీద మొదటి రోజు దయ్యం ఆమె వంకే చూస్తున్నట్టుంది. ఆమె ముఖం నిండా నవ్వు.

"నమస్కారం సార్. మీరడిగిన రుజువు దొరికింది, గీత పోయింది," అంది. "కానీ సార్, మా పేపర్లో ఒక తప్పు ఉంది."